ఇంజిన్ వేడెక్కాకే వచ్చే పీ0016 కోడు: చైను కిట్టు కొనేముందు

మీ ప్రశ్న ఇది: డీజిల్ పికప్‌లో ఇంజిన్ లైటు వెలుగుతోంది, స్కానర్‌లో పీ0016 వస్తోంది, వేడెక్కాక బండి లాగడం లేదు, పొద్దునకల్లా మామూలుగా ఉంటోంది, మెకానిక్ టైమింగ్ చైను ఒక పన్ను జారిందంటున్నాడు, మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకు, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్. రెంటినీ జతగా తిప్పేది టైమింగ్ చైను, వాటికి పొంతన కుదరడం లేదని చెప్పే కోడు పీ0016. పొద్దునకల్లా బండి మామూలుగా ఉంటుందని మీరే రాశారు కదా. జారిన చైను రాత్రికి రాత్రి తన పన్ను వెతుక్కుని యథాస్థానానికి రాదు. క్రాంక్ చక్రానికి 20 పళ్లున్నాయనుకోండి, ఒక్క పన్ను జారితే 18 డిగ్రీలు తేడా. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఎక్కుడులోనూ దిగుడులోనూ ఆ 18 డిగ్రీలు అలాగే ఉంటాయి. వచ్చిపోయే జబ్బుకు కారణం ఇనుములో కాదు, ముందు తీగల్లో వెతకాలి. నా మాట ఇంతే, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

మా పికప్ మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలేది. ఒక ఎండాకాలం ఖాళీ క్రేట్లతో తిరిగి వస్తుంటే మొగిలి ఘాటు ఎక్కుతూ ఎక్కుతూ దగ్గడం మొదలుపెట్టింది, తర్వాత ఆగిపోయింది. అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఊళ్లో స్కానర్ పెట్టిన కుర్రాడు పీ0016 చూసి, ఇంకేదీ అడక్కుండా చైను, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారిలో ఉంచే గైడ్లు, రెండు చక్రాలు, లేబరు అంటూ చీటీ రాసి ఇచ్చాడు. ఆ చీటీ జేబులో పెట్టుకుని పలమనేరులో మాకు తెలిసిన పాత మెకానిక్ భాయ్ దగ్గరకు వెళ్లాను.

ఆయన బానెట్ ఎత్తకముందే అడిగాడు: "తమ్ముడూ, పొద్దున మొదటి స్టార్టులో ముందు వైపు నుంచి గలగల వస్తుందా?" రాదన్నాను. సాగిన చైను గానీ, అలసిపోయిన టెన్షనర్ గానీ ఉంటే ఆయిల్ ఒత్తిడి అందేదాకా ఆ కొద్ది సెకన్లలో మోగాలట. తర్వాత తన స్కానర్ పెట్టాడు. పీ0016తో పాటు పీ0335 కూడా ఉంది. అది క్రాంకు ఎక్కడుందో కనిపెట్టే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ కోడు. చీటీ రాసిన కుర్రాడు దాని ఊసే ఎత్తలేదు! ఈ రెండూ కలిసి కనబడితే ముందు సెన్సర్ సంగతి తేల్చాలి. క్రాంక్ సెన్సర్ తప్పుడు సంకేతం పంపుతుంటే, క్యామ్‌తో పొంతన కుదరడం లేదని ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) అనక ఇంకేమంటుంది?

అయినా భాయ్ ఊరికే నమ్మే మనిషి కాదు. హీటర్ ప్లగ్గులు తీసి, వాల్వుల మీది ట్యాపెట్ కవరు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి ఇంజిన్ తిరిగే దిక్కుకే చేత్తో తిప్పాడు. ఒకటో సిలిండరు పైకొచ్చాక క్రాంకు సరైన చోట ఉంటేనే దిగే లాక్ పిన్ను నున్నగా దిగింది, క్యామ్ గుర్తులూ కలిశాయి. పిన్ను తీసి క్రాంకును సరిగ్గా రెండు చుట్లు తిప్పి మళ్లీ చూశాడు. క్రాంకు రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు కాబట్టి ఒక్క చుట్టుతో సరిపెట్టుకోకూడదు. మళ్లీ కలిశాయి. పుల్లీ మీది గీతను మాత్రం ఆయన చూడనే లేదు. లోపలి రబ్బరు చెడితే పుల్లీ బయటి వలయం జారిపోతుంది, ఆ గీత అబద్ధం చెబుతుందన్నాడు.

ఇక తీగలు. బండి కింద పడుకుని క్రాంక్ సెన్సర్ వైరు వెంట చేత్తో తడుముకుంటూ పోతే, ఆల్టర్నేటర్ తీగ పక్కన ఎలుక కొరికిన చోటు దొరికింది. ఎవరో ఎప్పుడో దాని మీద నల్ల టేపు చుట్టి ఊరుకున్నారు. పక్క తీగల విద్యుత్ అలజడిని ఆపే లోపలి రేకు కవచం తెగి ఉంది, వేడికి టేపు జిగురు కారి తీగ బయటపడింది. టమాటా రసం వాసనకు మా షెడ్డులో ఎలుకలు కాపురాలే పెడతాయి లెండి. కవచమున్న కొత్త తీగ వేసి అతికించాడు, కోడ్లు తుడిచాడు. తర్వాత అదే ఘాటు నిండు లోడుతో ఎక్కినా బండి దగ్గలేదు.

మీకు ఇంకో రకం సలహాదారులూ తగులుతారు: "ఇంజెక్షన్ పంపు కొంచెం తిప్పితే టైమింగ్ సరిపోతుంది" అనేవాళ్లు. పాత డీజిల్ బండ్లలో అది నిజమే. కామన్ రైల్ ఇంజిన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకం) పంపు పని ఒత్తిడి పుట్టించడం వరకే. ఎప్పుడు చిమ్మాలో ఇంజెక్టర్లకు చెప్పేది ఈసీఎం. టైమింగ్ లైటు పట్టుకొచ్చే పెద్దమనిషికి కాఫీ ఇచ్చి పంపండి.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. భాయ్ ఆ పూటంతా ఆలోచించి, తిప్పి, పడుకుని వెతికితే, వైరు ముక్కకు ఇంత కూలి ఏమిటని నా పక్కనున్న మా బావ బేరం ఆడాడు. ఆయనే పెద్ద పెట్టెలో చైను కిట్టు చూపించి ఉంటే కిమ్మనకుండా ఇచ్చేవాడు! సామానుకు డబ్బిస్తాం, పరీక్షకు ఇవ్వం. ఇలాగైతే పరీక్ష ఎవరు చేస్తారు? కోడు చదివి కిట్టు అమ్మేవాళ్లే మిగులుతారు. అందులోనూ డూప్లికేట్ కిట్లు ఎన్ని తిరుగుతున్నాయో విడిభాగాల వీధిలో ఒక్క గంట నిలబడితే తెలుస్తుంది.

మీరు చేయాల్సింది: స్కానర్‌లో ఉన్న కోడ్లన్నీ రాయించుకోండి, పీ0335, పీ0340 (క్యామ్ సెన్సర్ సర్క్యూట్ కోడు) ఉన్నాయేమో చూడండి. వేడి ఇంజిన్ నడుస్తుండగా, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, రెండు సెన్సర్ల వైర్లను కదిలించి చూడమనండి. తీగల్లో ఏమీ దొరకకపోతే అప్పుడు ట్యాపెట్ కవరు విప్పించండి. పొద్దున గలగల గనక ఉంటే ఈ మాటలన్నీ పక్కన పెట్టి, ఆ రోజే బండి ఆపేయండి, లోడు ఎక్కించకండి. చైను తెగితే వాల్వులు పిస్టన్ల మీద పడతాయి, అప్పుడు ఖర్చు కిట్టుతో పోదు.