ఓడదొంగలు, రక్తపిశాచుల నవల రాస్తున్న మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ, వాటితో పాటు పెట్టిన ఉత్తరమూ అందాయి. పది పన్నెండేళ్ల పిల్లల కోసం ఓడదొంగలూ రక్తపిశాచులూ ఉండే సముద్ర సాహస నవల రాస్తానంటే మీ అమ్మ నవ్విందని రాశావు. నేను నవ్వను. శవంలో దూరిన బేతాళుణ్ణి భుజాన వేసుకొని మౌనంగా నడిచే రాజు కథలను చందమామలో ఏళ్ల తరబడి చదువుకున్న తరం మాది. దయ్యాల కథలు పిల్లలకు పనికిరావని మా ఇళ్లలో ఎవరూ అనలేదు. అయితే మెచ్చుకోలు కోసం నువ్వు ఈ కాగితాలు పంపలేదని తెలుసు కనుక అసలు సంగతికి వస్తున్నాను.

మూడు అధ్యాయాలు పూర్తయ్యేసరికి నీ రక్తపిశాచి కళ్ల రంగు, అంగీ అంచు, గోళ్ల పొడవు అన్నీ నాకు తెలిశాయి. అతడు ఎక్కిన ఓడ సంగతి మాత్రం ఏమీ తెలియలేదు. దానికి తెరచాపలు ఎన్ని, అడుగున ఉన్న సరుకు ఏమిటి, వంట ఎవరు చేస్తారు, తాగే నీళ్లు ఎన్ని రోజులకు సరిపోతాయి, రాత్రిపూట చుక్కాని దగ్గర ఎవరు మేలుకొని ఉంటారు అన్న ప్రశ్నలకు నీ దగ్గర సమాధానాలు లేవని చదువుతుంటేనే తెలిసిపోతున్నది. పిశాచిని పాఠకుడు ఎలాగూ నమ్మడు; నమ్మినట్టు ఉండటానికి ఒప్పుకుంటాడు, అంతే. ఆ ఒప్పుకోలు నిలవాలంటే అతని చుట్టూ ఉన్న పలకలు, తాళ్లు, ఉప్పు, ఆకలి నిజమైనవి కావాలి. ఒక్క అబద్ధాన్ని మోయడానికి వంద నిజాలు కావాలన్నది నేను ఇన్నేళ్లుగా పిల్లల కథలు రాసీ, ఇతరులవి దిద్దీ తెలుసుకున్న సంగతి.

మొదట కాలం నిర్ణయించుకో. నీ కథ ఏ శతాబ్దంలో జరుగుతున్నదో నువ్వు చెప్పలేదు, బహుశా నీకూ తెలియదు. నాయకుడు దుర్భిణితో చూస్తాడు, వంటవాడు పులుసులో పచ్చిమిరపకాయలు వేస్తాడు, శత్రువు ఫిరంగి పేలుస్తాడు. కోటలో మాత్రం కాకతీయుల రాజ్యం నడుస్తున్నది. దుర్భిణి 1608 నాటికి గాని లోకానికి తెలియదు. మిరపకాయను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారు, అదీ 16వ శతాబ్దంలో. కాకతీయుల కాలంలో కారం అంటే మిరియమే. ఫిరంగీ దుర్భిణీ లేకుండా కథ నడవదనుకుంటే 17వ శతాబ్దం చివరికి రా. గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది, మచిలీపట్నం రేవు సందడిగా ఉండేది, 1695లో హెన్రీ ఎవరీ అనే ఆంగ్లేయ ఓడదొంగ మక్కా యాత్రికులతో సూరత్‌కు తిరిగివస్తున్న గంజ్-ఇ-సవాయీ అనే మొఘల్ ఓడను దోచుకున్నాడు. అదీ మంచి కాలమే. కానీ నన్నడిగితే కాకతీయుల కాలాన్ని వదలవద్దంటాను.

సముద్రం మనది కాదని, ఓరుగల్లు పిల్లవాడికి ఓడ కథ అతకదని నీకు ఎవరో చెప్పారట. వాళ్లకు మోటుపల్లి సంగతి తెలియదన్నమాట. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చీరాలకు దగ్గరలో ఉన్న ఆ ఊరు ఓరుగల్లు ఏలికల రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఉంది. అంతకు ముందు రాజులు, తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన అందులో ప్రకటించాడు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకొని సముద్రం మీద సాహసించే వర్తకుల మీద దయతో ఈ అభయం ఇస్తున్నానని కూడా చెప్పాడు. శాసనం పేర్కొన్న సరుకులలో చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు ఉన్నాయి. నీ మొదటి అధ్యాయానికి ఇంతకంటే ఏం కావాలి? పగిలిన ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. రాజాజ్ఞ ప్రకారం దాని సరుకును ఎవరూ ముట్టుకోకూడదు. ఆ సరుకులోనే పిశాచి ఉంది. ముట్టుకోకూడదన్న చట్టం అతనికి రక్షణ అయిపోయింది.

ఇక ఓడదొంగలు. ఒంటికన్ను, కొయ్యకాలు, భుజం మీద చిలుక ఉన్న మనిషిని దయచేసి మన సముద్రంలోకి దించకు. 13వ శతాబ్దం చివర మన తీరాల మీదుగా వెళ్లిన మార్కోపోలో, మలబారు, గుజరాతు తీరాల నుంచి ఏటా వందకు పైగా దొంగ ఓడలు బయలుదేరేవని రాశాడు. ఇరవై ముప్పై ఓడలు ఒకదానికొకటి కొన్ని మైళ్ల ఎడంతో బారులు తీరి, వర్తకుల ఓడ కనబడగానే నిప్పుతోనో పొగతోనో మిగతా ఓడలకు కబురు చేసేవట. అన్నింటికంటే నీకు పనికివచ్చే సంగతి మరొకటుంది: వాళ్లు భార్యాపిల్లలను వెంట తీసుకొని వెళ్లి వేసవి అంతా సముద్రం మీదే గడిపేవారట. దొంగల ఓడ మీద పుట్టి పెరిగిన పిల్ల ఒకతె నీకు ఉచితంగా దొరికింది. ఓరుగల్లు నుంచి వచ్చిన మన పిల్లకు, అంటే నీ కథానాయికకు, లంగరు అంటే తెలియదు. ఆ పిల్లకు చెరువుగట్టు అంటే తెలియదు. ఓడ గురించి నువ్వు వర్ణనలు రాయనక్కరలేదు, ఒకరి ప్రశ్నకు మరొకరి జవాబుగా అంతా వచ్చేస్తుంది.

ఆ దొంగలకు ఒక కట్టుబాటు రాసిపెట్టు. బార్తలొమ్యూ రాబర్ట్స్ అనే ఓడదొంగ, 1722లో యుద్ధంలో చనిపోయినవాడు, తన మనుషులతో ఒప్పించుకున్న నియమాలు ఇప్పటికీ చదవడానికి దొరుకుతాయి. ప్రతి మనిషికీ ఓటు ఉంటుంది. డబ్బు పెట్టి పాచికలు, పేకాట ఆడకూడదు. పోరాటంలో కాలో చెయ్యో పోయినవాడికి ఉమ్మడి సొమ్ములోంచి పరిహారం ఇవ్వాలి. ఆ కాలపు దొంగలు చాలామంది నాయకుణ్ణి తామే ఎన్నుకొని, నచ్చకపోతే తామే దించేసేవారు. కాలం వేరైనా ఇలాంటి ఏర్పాటును అరువు తెచ్చుకోవడంలో తప్పులేదు, ఎందుకంటే దానికి ఏ యంత్రమూ అక్కరలేదు. రాబర్ట్స్ నియమాలలో ఇంకొకటుంది: రాత్రి ఎనిమిది గంటలకు ఓడలో దీపాలన్నీ ఆర్పేయాలి. కొయ్య ఓడలో నిప్పు భయం కనుక ఆ నియమం ఎవరికైనా సబబుగానే తోస్తుంది. కానీ నీ ఓడలో పిశాచి ఉంది. మనుషులు తమ క్షేమం కోసం పెట్టుకున్న నియమమే అతనికి చీకటిని సిద్ధం చేసి పెడుతుంది. పిల్లలు ఈ సంగతిని నువ్వు చెప్పకముందే కనిపెట్టి గుండెలు చిక్కబట్టుకుంటారు.

రక్తపిశాచికి కూడా నియమాలు ఉండాలి, అవి రెండో అధ్యాయం ముగిసేలోగా పాఠకుడికి తెలియాలి, తరువాత నువ్వు వాటిని మార్చకూడదు. ఎండ తగిలితే చస్తాడని అందరూ అనుకుంటారు గాని, 1897లో వచ్చిన డ్రాకులా నవలలో అతడు పగలు తిరగగలడు, శక్తులు మాత్రం తగ్గుతాయి. ఎండకు చావడమన్నది 1922 నాటి మూగ సినిమా నోస్ఫెరాటుతో వచ్చింది. కనుక ఏ నియమం పెట్టాలన్నది నీ ఇష్టం, పెట్టిన తరువాత మాత్రం నీ ఇష్టం కాదు. ఆ నవలలోనే సముద్రానికి సరిగ్గా సరిపోయే నియమాలు రెండున్నాయి: తన నేల మట్టిలోనే పడుకోవాలి, పారే నీటిని ఆటుపోట్ల ప్రత్యేక సమయాలలో తప్ప తనంతట తాను దాటలేడు. అంటే సముద్రం మధ్యలో అతడు ఎంత భయంకరుడో అంత బందీ కూడా. ఓడ మునిగితే అతనికీ దిక్కులేదు. అందువల్ల తుఫాను వచ్చిన రాత్రి ఓడను కాపాడటానికి అతడే ముందుకు రావలసి ఉంటుంది. ఆ ఒక్క రాత్రి పిల్లలూ పిశాచీ ఒకే తాడు లాగితే ఎలా ఉంటుందో ఆలోచించు. నా దృష్టిలో నీ నవలకు నడిబొడ్డు అదే.

మట్టి నియమాన్ని వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మన పిల్ల రైతు బిడ్డ అయితే చెలక నేలకూ నల్లరేగడికీ తేడా చీకట్లో వేళ్లతో తడిమి చెప్పగలదు. వడ్ల బస్తాలన్న సరుకులో ఒక బస్తా చిరిగి మట్టి రాలుతుంది. తేమ తగిలిన ఆ మట్టి వేళ్లకు బంకలా పట్టుకుంటుంది. ఇసుక నేల తప్ప ఎరుగని రేవులో ఇంత రేగడి ఎందుకు ఎక్కించారన్న ప్రశ్న ఆమెకు తప్ప ఓడలో ఎవరికీ రాదు. కత్తి తిప్పడం రాని పిల్ల కథానాయిక కావడానికి ఈ తెలివి చాలు. వెల్లుల్లి, శిలువలతో మనకు పనిలేదు, వేపమండో ఇనుమో పెట్టుకో, కానీ ఒక్కటే పెట్టుకో.

అనుమానానికి కూడా ఓడ జీవితమే సామగ్రి ఇస్తుంది. తాజా కూరగాయలు, పండ్లు లేకుండా రెండు మూడు నెలలు గడిస్తే నావికులకు స్కర్వీ వచ్చేది: మనిషి పాలిపోతాడు, నీరసపడతాడు, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ తెరుచుకుంటాయి. నిమ్మజాతి పండ్లతో అది నయమవుతుందని జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 1747లో ఓడ మీదే పరీక్షించి చూపాడు. విటమిన్ సి సంగతి లోకానికి తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నీ పాత్రలకు ఇదేమీ తెలియదు. నోటి నిండా రక్తంతో, తెల్లగా పాలిపోయి, చీకటి మూల కూర్చున్న ముసలి సరంగును పిల్లలు పిశాచి అనుకోరా? అతణ్ణి సముద్రంలోకి తోసేద్దామని ఓడంతా ఓటు వేస్తుంటే, నిమ్మకాయ ఊరగాయ జాడీ దాచుకొని తింటున్న పిల్లవాడు ఒక్కడికీ ఆ జబ్బు రాలేదని మన పిల్ల గమనిస్తుంది. ఊరగాయలో విటమిన్ ఎంత మిగులుతుందని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం పచ్చి నిమ్మకాయలను ఇసుకలో దాచినట్టు రాయి. ఇంత పొడవైన ప్రయాణం కావాలంటే ఓడ చీనా దాకా వెళ్లాలి, లేదా గాలి పడిపోయి నడి సముద్రంలో నిలిచిపోవాలి.

భయం విషయంలో నీ మూడో అధ్యాయం నాకు నచ్చలేదు. రక్తం కారడాన్ని ఒక పేజీ నిండా రాశావు. పదేళ్ల పిల్లకు దానివల్ల భయం కాదు, రోత కలుగుతుంది. డ్రాకులా నవలలో ఓడ ప్రయాణం ఉన్న భాగం చదివి చూడు: అంతా నాయకుడి దినచర్య పుస్తకంలోని రాతలే, పిశాచి కనిపించేది దాదాపు లేదు, నావికులు ఒక్కొక్కరే మాయమవుతుంటారు, చివరికి నాయకుడు తనను తాను చుక్కానికి కట్టేసుకుంటాడు. నువ్వు కూడా కాటును చూపించకు. పొద్దున అన్నం పెట్టేటప్పుడు మిగిలిపోయిన పళ్లాన్ని చూపించు. పిల్లలకు ఇష్టమైన పాత్ర ఒకటి చనిపోవచ్చు, అందుకు వెనుకాడవద్దు, కాని చావు తరువాత ఏడవడానికి వాళ్లకు రెండు పేజీలు సమయం ఇవ్వు.

భాష గురించి కొద్దిగా. కథనం నువ్వు రాస్తున్న మామూలు తెలుగులోనే ఉండనీ. మాటలు మాత్రం పాత్రలవి కావాలి; ఓరుగల్లు పిల్ల "ఏందిది, గీ బస్తల మన్నెందుకున్నది?" అనే అడుగుతుంది, తీరపు సరంగు తన యాసలోనే జవాబిస్తాడు. అధ్యాయం చివర ప్రతిసారీ కేకతోనో చీకటితోనో ముగించకు. ఒక్కోసారి ఒక ప్రశ్న చాలు, ఒక్కోసారి ఒక నిర్ణయం చాలు. పుస్తకం అచ్చు, బొమ్మలు, ధర గురించి నువ్వు అడిగినవాటికి ఇప్పుడే జవాబు రాయను. నవల పూర్తికాకముందు ఆ లెక్కలు మొదలుపెట్టినవాళ్లు నవల పూర్తి చేయడం నేను అరుదుగా చూశాను.

పాఖాల, లక్నవరం చూసిన కళ్లతో సముద్రం రాయడం కుదరదు. ఆ చెరువులకు అవతలి గట్టు ఉంటుంది, నీళ్లు తాగవచ్చు. వరంగల్ స్టేషనులో చెన్నై వైపు పోయే రైలెక్కితే చీరాలలో దిగవచ్చు. దసరా సెలవులలో మీ తమ్ముణ్ణి తోడు తీసుకొని వెళ్లు. మోటుపల్లి శాసనం చూసిన తరువాత ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దమనుషుల దగ్గర కూర్చొని, ఏ నెలలో ఏ గాలి వీస్తుందో, దాన్ని ఏమంటారో, పడవలో ఏ భాగాన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకో. అక్టోబరు, నవంబరు అక్కడ తుఫానుల కాలం కనుక బయలుదేరే ముందు వాతావరణం వార్తలు చూసుకో. తిరిగి వచ్చాక మొదటి అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి రాసి, నాకు పంపే ముందు మీ వాడకట్టు పిల్లలకు గట్టిగా చదివి వినిపించు. వాళ్లు ఎక్కడ నీళ్లు తాగడానికి లేచారో కాగితం అంచున గుర్తు పెట్టి, ఆ గుర్తులతో సహా పంపు.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామ