టైరు మీద ఆ మధ్య అంకె

ప్రశ్న: నా చిన్న కారు టైర్లు అరిగిపోయాయి. వాటి మీద 165/80 ఆర్14 85టి అని ఉంది. షాపులో అడిగితే ఆ సైజు స్టాకు లేదు, 185/65 ఆర్14 వేసుకోండి, రిమ్ము అదే, వెడల్పు ఎక్కువ కాబట్టి గ్రిప్పు ఇంకా బాగుంటుంది అంటున్నారు. వేయించుకోవచ్చా? అసలు ఈ అంకెలేమిటి?
- ఒక ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: మేస్టారూ, వేయించకండి. ఆ టైరు మీ రిమ్ముకి ఎక్కుతుంది, కారూ నడుస్తుంది. అయినా వద్దు.

ముప్పయ్యేళ్లుగా టైర్లు విప్పి బిగిస్తున్నాను. కొనేవాళ్లు చాలామంది మొదటి అంకె, చివరి అంకె చూసి మధ్యదాన్ని వదిలేస్తారు. అసలు సంగతంతా దానిలోనే ఉంది. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 మాత్రం మిల్లీమీటర్లు కాదు, శాతం. రిమ్ము అంచు నుంచి నేలను తాకే చోటుదాకా టైరు ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. 14 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఆర్ అంటే రేడియల్, అంటే టైరు లోపలి పోగులు పేర్చిన తీరు; రేడియస్ కాదు. ఒకే వరసలో మిల్లీమీటరు, శాతం, అంగుళం కలిసి ఉంటే ఎవరికైనా తికమకే. నేను పనిలో చేరిన రోజుల్లో అంబాసిడర్ టైరు మీద 5.90-15 అని ఉండేది, రెండూ అంగుళాలే.

ఇప్పుడు లెక్క వేయండి. 14 అంగుళాలంటే 355.6 మి.మీ. దానికి పైన 132, కింద 132 కలిపితే మీ చక్రం ఎత్తు దాదాపు 620. వాళ్లు చెప్పిన టైరుకి 185లో 65 శాతం, సుమారు 120. పైనా కిందా కలిపితే 596. తేడా 24, ఇరుసుకి కింద పడేది అందులో సగమే కాబట్టి కారు 12 మి.మీ. కిందికి దిగుతుంది. నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. మీటరు వంద చూపిస్తుంటే నిజానికి మీరు 96లోనే వెళ్తుంటారు, తిరగని కిలోమీటర్లు కూడా లెక్కలో పడతాయి.

వెడల్పు కావాలనే ఉంటే 185/70 ఆర్14 అడగండి. ఎత్తు 615 వస్తుంది, తేడా ఐదే. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోండి. నన్నడిగితే మాత్రం నాలుగు రోజులు ఆగైనా మీ సైజే తెప్పించుకోండి.

85 బరువు గుర్తు: ఒక్కో టైరు 515 కిలోల దాకా మోస్తుంది. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. వీటికి తగ్గకుండా ఉంటే చాలు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. 2018లో మా బావమరిది కొత్త టైర్లు కొనుక్కొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి, మీద రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. తడిగుడ్డతో పక్కభాగం తుడిచి, సుద్దముక్క రుద్దితే నాలుగంకెలు తేలాయి: 1413. అంటే 2013లో 14వ వారం తయారీ. కొన్ననాటికే ఐదేళ్ల పాతవి! బిగించేశారు కాబట్టి షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ నాలుగంకెలు టైరుకి ఒక్క వైపే ఉండొచ్చు, అది లోపలివైపు పడితే తర్వాత కనబడదు. అందుకని మిషను మీదికి ఎక్కించకముందే నాలుగు టైర్లకీ అవి చూపించమని అడగండి.