ముందు టైమ్ కాన్‌స్టంట్ లెక్క వెయ్యి, తర్వాతే పల్స్ ఇవ్వు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ల్యాబ్‌లో తరంగం పుస్తకంలో ఉన్నట్టు రావడం లేదని నిన్న ఫోన్లో ఎంత టెన్షన్ పడ్డావో! నువ్వు కలిపిన సర్క్యూట్ సరిగ్గానే ఉండుంటుందమ్మా. 30 ఏళ్లు ల్యాబ్‌లో పిల్లల పక్కన నిలబడ్డాను. చాలామంది చూసుకోనిది పల్స్ వెడల్పునే, అంటే ఇచ్చిన వోల్టేజి ఎంతసేపు ఉంటుందన్నదే.

నీది 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండూ గుణిస్తే 1 మిల్లీసెకను, అదే టైమ్ కాన్‌స్టంట్. 5 వోల్టుల పల్స్ ఇస్తే అంతసేపట్లో కెపాసిటర్ 3.16 వోల్టులకు చేరుతుంది, అంటే 63 శాతం. దాదాపు నిండాలంటే 5 మిల్లీసెకన్లు ఆగాలి. మీ మేడమీద అడుగున పైపుతో కలిపిన రెండు ట్యాంకులున్నాయి కదా, మట్టాల తేడా తగ్గేకొద్దీ ధార ఎలా నెమ్మదిస్తుందో, ఇదీ అంతే.

50 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తే సగం సైకిల్ 10 మిల్లీసెకన్లు. కెపాసిటర్ తీరిగ్గా నిండుతుంది. 5 కిలోహెర్ట్జ్ పెడితే నిండడం మొదలయ్యేలోపే పల్స్ అయిపోతుంది. రెండున్నర వోల్టుల దగ్గర పావు వోల్టు ఎత్తున చిన్న త్రిభుజాలు మిగులుతాయి. నువ్వు చూసింది అవే అనుకుంటా. తరంగాన్ని తెరమీద చూపే సీఆర్వో డీసీ కప్లింగ్‌లో ఉందో లేదో కూడా చూసుకో, లేకపోతే ఆ రెండున్నర వోల్టుల మట్టం కనబడదు.

కాయిల్‌తో ఇంకాస్త జాగ్రత్త. దీని టైమ్ కాన్‌స్టంట్ కోసం 10 మిల్లీహెన్రీలను 100 ఓమ్‌లతో భాగించి 100 మైక్రోసెకన్లు అని రాసుకుంటావు. తెరమీద 56 కనబడుతుంది. పల్స్ ఇచ్చే సిగ్నల్ జనరేటర్ లోపలి 50 ఓమ్‌లు, కాయిల్ తీగకుండే 30 ఓమ్‌లు ఎవరు కలుపుతారు? తీగ ఓమ్‌లు మల్టీమీటర్‌తో కొలిచి కలుపు. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాయిల్‌కు మాత్రం రెండు కొసల మధ్య డయోడ్ లేకుండా కరెంటు ఆపకు. నేను అలా ఆపి ట్రాన్సిస్టర్ కాల్చుకున్నాను.

రెసిస్టర్, కాయిల్, కెపాసిటర్ మూడూ వరసగా కలిపినప్పుడే అసలు అందం. అదే కాయిల్‌కు 0.01 మైక్రోఫారడ్ జోడిస్తే, వోల్టేజి ఊగడానికీ ఊగకపోవడానికీ మధ్య హద్దు 2 కిలో ఓమ్‌లు. మొత్తం రెసిస్టెన్స్ అంతకు బాగా తగ్గితే, పల్స్ అంచు తగలగానే కెపాసిటర్ వోల్టేజి 5 దాటి ఎగిరి, దాదాపు 16 కిలోహెర్ట్జ్‌తో ఊగుతూ అణుగుతుంది. రెసిస్టర్ బదులు పాట్ (తిప్పితే ఓమ్‌లు మారే రెసిస్టర్) పెట్టి, ఓమ్‌లు పెరిగేలా మెల్లగా తిప్పు. అలలు ఒక్కొక్కటే కరిగిపోయి చివరికి నున్నటి గీత మిగులుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

5 కిలో ఓమ్‌ల పాట్ నా దగ్గరుంది. శనివారం విజయవాడ వచ్చేటప్పుడు తెస్తాను.

మీ మామయ్య