వేపచెట్లు పైనుంచి ఎండిపోతున్నాయి, కొట్టించేయాలా?

మల్కాజిగిరిలో మీ కాలనీ పార్కు వేపచెట్లు దసరా దాటేసరికి పైనుంచి మాడిపోయాయని, అసోసియేషన్ వాళ్లు కొట్టించేద్దామంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే కొట్టించకండి. అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టడం వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం తప్పు. అదలా ఉంచినా, ఆ చెట్లు చాలావరకు బతికే ఉంటాయి. ఎండిన కొమ్మ మీద బెరడును కొస నుంచి మొదలు వైపు గోటితో గీరుతూ రండి. ఎక్కడ లోపల పచ్చగా, తడిగా కనిపిస్తుందో అక్కడి నుంచి కింద ప్రాణం ఉన్నట్టే. ఫిబ్రవరి, మార్చి నాటికి అక్కడే చిగురు వస్తుంది.

ఇది ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు. 1997లో దీన్ని మన దేశంలోనే కొత్త జాతిగా నమోదు చేశారు. వాన చినుకులతో, గాలితో కొమ్మ నుంచి కొమ్మకు పాకుతుంది. లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు చేసిన గాయాలు దానికి దారి ఇస్తాయి. వానలు ఆగకుండా అక్టోబరు దాకా సాగిన ఏడాది ఆకు ఆరదు, తెగులు ముదురుతుంది. చుట్టూ సిమెంటు వేసి వేళ్లకు ఊపిరాడకుండా చేసిన చెట్టు కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. అందుకే ముందు మొదలు చుట్టూ కనీసం మీటరు మేర సిమెంటు పగలగొట్టించి పాదు చేయండి.

కొమ్మలు కత్తిరించేది పొడి రోజుల్లోనే. వానలో కత్తిరిస్తే కోత గాయం నుంచే తెగులు దిగుతుంది. ఎండిన చోట కాకుండా పచ్చి భాగంలోకి జానెడు లోపలికి కోయాలి. కోసిన చోట మధ్యలో గోధుమరంగు చార కనిపిస్తే ఇంకాస్త కిందికి వెళ్లాలి, తెల్లగా ఉంటే అక్కడ ఆపొచ్చు. చెట్టు మారినప్పుడల్లా రంపాన్ని స్పిరిట్‌తో తుడవండి. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రం మందును ముద్దగా చేసి పూయండి. చాలాచోట్ల పని చెడేది ఆ తర్వాతే: కోసిన కొమ్మలను చెట్టుకిందే కుప్ప వేస్తారు, తర్వాతి వానకు వాటి మీది శిలీంధ్రం మళ్లీ పైకి ఎగబాకుతుంది. అదే రోజు దూరంగా తీసుకెళ్లి లోతుగా పూడ్చేయాలి.

మందు విషయానికొస్తే, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని 50 శాతం పొడి లీటరు నీటికి 2.5 గ్రాముల చొప్పున కలిపి పాదులో పోయొచ్చు. చిన్న చెట్లకైతే పిచికారీ కూడా చేయొచ్చు. ఇళ్ల మధ్య నలభై అడుగుల చెట్టుకు ఈ మందు కొట్టించడం మాత్రం నాకు ఇష్టం లేదు. నీళ్ల ట్యాంకులు, పిల్లలు, తేనెటీగలు అన్నీ ఆ జల్లు కిందే ఉంటాయి. మందు వాడిన చెట్టు పువ్వును ఉగాది పచ్చడికి, పుల్లను పళ్లు తోముకోవడానికి వాడొద్దు.

ఈ తెగులు పెద్ద చెట్టును చంపడం తక్కువ, దాని కాపును తినేయడం ఎక్కువ. పూత మాడిపోతే గింజ ఉండదు, గింజ లేకపోతే మొలక ఉండదు. కాబట్టి చెట్టుతో పాటు విత్తనాన్నీ కాపాడుకోవాలి. త్వరగా కోలుకున్న చెట్ల కింద జూన్, జులైలో పసుపుపచ్చ పళ్లు ఏరండి. ఒక్క చెట్టు మీదే ఆధారపడకుండా వేర్వేరు బస్తీల నుంచి తెచ్చి కలపండి, ఏదో ఒకదానికైనా తట్టుకునే గుణం ఉండొచ్చు. గుజ్జు పిసికి తీసేసి, కడిగి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టండి. శిలీంధ్రం గింజలోనూ దాగి ఉంటుంది కాబట్టి కిలోకు 2 గ్రాముల కార్బెండజిమ్ పట్టించండి. ఫ్రిజ్‌లో పెడితే వేపగింజ చచ్చిపోతుంది, డబ్బాలో నెలల తరబడి ఉంచినా అంతే. రెండు మూడు వారాల్లోపే సెంటీమీటరు లోతున అడ్డంగా విత్తాలి.

మొలిచిన మొక్కలను మరుసటి వానాకాలం మొదట్లో నాటండి. వరసంతా వేపలే పెట్టకుండా మధ్యమధ్య కానుగ, నేరేడు, మోదుగ వేస్తే ఒక చెట్టు తెగులు పక్కదానికి అంత తేలిగ్గా అంటదు.