సైకిల్ సందేహాలు: స్టిక్కరు కింద బీట

ప్రశ్న: నమస్కారం సార్. నాకు 29 ఏళ్ళు, కడపలో ఉద్యోగం. మూడేళ్ళుగా అల్యూమినియం సైకిల్ తొక్కుతున్నాను. కార్బన్ సైకిల్ కొనాలని ఎప్పటి నుంచో కోరిక. రెండు నెలల క్రితం బెంగళూరులో ఒకాయన దగ్గర వాడిన సైకిల్ 72 వేలకు దొరికింది. ‘ఎప్పుడూ పడలేదు, ఎక్కడా తగల్లేదు’ అని ఆయన ఫోనులో రాసి పంపారు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి చీకటి పడింది. అపార్ట్‌మెంటు కింద లైటు వెలుతురులో చూసి, రెండు చుట్లు తొక్కి తెచ్చుకున్నాను. పోయిన ఆదివారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే పెడల్ గట్టిగా తొక్కినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. ఇంటికి వచ్చి కడుగుతుంటే, హ్యాండిల్ కింది నుంచి పెడళ్ళ దాకా వాలుగా దిగే గొట్టం మీద ఉన్న పెద్ద స్టిక్కరు అంచు లేచింది. ఊడదీసి చూస్తే అడుగున వెంట్రుక మందాన ఒక గీత. గొట్టానికి అడ్డంగా నాలుగు సెంటీమీటర్లు ఉంది. అమ్మినాయన అది పెయింటు గీతేనంటున్నారు. ఇక్కడి మెకానిక్ జిగురు పోసి రంగు వేస్తే చాలంటున్నాడు. మళ్ళీ స్టిక్కరు అంటించి అమ్మెయ్యమని స్నేహితుడి సలహా. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నేను ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ముందు ఆ సైకిల్‌ను గోడకు ఆనించి పెట్టండి. సంగతి తేలేదాకా వీధి చివరి కొట్టుకు కూడా దాని మీద వెళ్ళవద్దు. ఆ గీతతోనే మీరు గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చారని అర్థమయ్యేసరికి నాకు గుండె ఝల్లుమంది. ఆ మలుపుల్లో లారీల పక్కన దిగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

తాడిపత్రిలో మా నాన్నకు అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది. గంట లెక్కన తీసుకెళ్ళిన పిల్లలు ఏ ఎద్దులబండికో గుద్ది, భయపడుతూ తెచ్చి స్టాండు వేసేవారు. దాచడానికి వీలుండేది కాదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఫోర్కు వెనక్కి వంగి ఉండేది, గొట్టానికి సొట్ట పడి ఉండేది. నాన్న వంపు తీసి మర్నాడు మళ్ళీ అద్దెకు ఇచ్చేవాడు. నేను పనిలో పడిన మొదటి ఇరవై ఏళ్ళు అలాంటి సైకిళ్ళే చూశాను. అనంతపురంలో కొట్టు పెట్టాక కార్బన్ సైకిళ్ళు రావడం మొదలైతే, చేతికీ కంటికీ అలవాటైన పద్ధతులన్నీ పక్కన పెట్టి కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

కార్బన్ గొట్టంలో ఉండేవి వెంట్రుకలో పదోవంతు మందం ఉండే పోగులు. వాటిని పొరలుగా పేర్చి ఎపాక్సీ జిగురుతో గట్టిపరుస్తారు. ఒక్కో పొరలో పోగులు ఒక్కో దిక్కుకు ఉంటాయి. పొడవునా లాగితే ఆ పోగులకు ఉక్కును మించిన బలం. అదే గొట్టానికి పక్క నుంచి ఒక రాయి తగిలినా, సైకిల్ ఒరిగి మెట్టు అంచు మీద పడినా పొరల మధ్య పట్టు విడిపోతుంది. ఇనుములా సొట్ట పడదు. కొట్టుకున్నాక గొట్టం మళ్ళీ తన ఆకారానికి వచ్చేస్తుంది. అందుకే పైకి ఏమీ కనబడదు.

నా కొట్లో గోడకు ఒక కార్బన్ గొట్టం ముక్క వేలాడుతూ ఉంటుంది. ధర్మవరం నుంచి ఒక కుర్రాడు తెచ్చిన ఫ్రేములోది. పైన నల్లరంగు మీద నువ్వుగింజంత తెల్లమచ్చ, అంతే. బొటనవేలితో నొక్కితే ఆ చోట మెత్తగా లోపలికి పోయింది. అతని అనుమతితో రంపంతో కోసి చూశాను. గొట్టం గోడ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త మందంలోనే, నీళ్ళు తాగిన పుస్తకం అట్టలాగా పొరలు విప్పుకుని ఉన్నాయి. రెండు పొరల మధ్య నా గోరు దూరింది. కార్బన్ కొనాలని వచ్చేవాళ్ళ చేతికి మొదట ఆ ముక్కే ఇస్తాను.

అలాగని కార్బన్ చెడ్డదని అనుకోవద్దు. 1986లోనే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందేన్ని అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేము మీద గెలిచాడు. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి పొరల పదార్థమే. మీ కోరికలో తప్పు లేదు. తప్పంతా ఆ స్టిక్కరు అంటించిన చేతిది.

ఇప్పుడు చేయవలసిన పనులు. గీతను గీకవద్దు, రుద్దవద్దు. ముందు పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. ఊడదీసిన స్టిక్కరును పారేయకుండా ఒక కాగితానికి అంటించి దాచండి. దాని వెనక జిగురు కొత్తగా ఉందా, ఎండి పొడిబారిందా అన్నది కూడా రేపు సాక్ష్యమే.

తరువాత గోరును గీతకు అడ్డంగా మెల్లగా లాగండి. పైపూత మీది గీత అయితే గోరు జారిపోతుంది, బీట అయితే తట్టుకుని ఆగుతుంది. పాత నూలు గుడ్డతో తుడిస్తే తెగిన పోగులకు దారాలు చిక్కుకుంటాయి. ఆ తరువాత తట్టి చూడటం. కుండలు కొనేటప్పుడు మన అమ్మలు వేలి కణుపుతో తట్టి, ఖంగుమంటేనే బేరం చేసేవారు. ఇదీ అంతే. ఫ్యాను ఆపి, నిశ్శబ్దంగా ఉన్న వేళ రూపాయి బిళ్ళ అంచుతో గీతకు జానెడు దూరం నుంచి మొదలుపెట్టి, అరంగుళం అరంగుళం జరుపుతూ తట్టండి. బాగున్న చోట స్పష్టంగా పలుకుతుంది, పొరలు విడిన చోట బొంగురుపోతుంది. అతుకుల దగ్గర గొట్టం మందం మారుతుంది కనుక అక్కడ చప్పుడు మారడం మామూలే. అందుకని ఎడమవైపు తట్టిన చోటునే కుడివైపు కూడా తట్టి పోల్చుకోండి. విమానాల పనివాళ్ళు కూడా ఇలా తట్టి వింటారు, కానీ అక్కడితో ఆగరు, అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. చప్పుడు తేడాగా వస్తే ఫ్రేము దెబ్బతిన్నదని నమ్మండి. బాగా వచ్చినంత మాత్రాన ఎక్కి తొక్కడానికి అది చాలదు.

ఒక్క చప్పుడును బట్టి మాత్రం ఫ్రేము పగిలిందని చెప్పలేము. పెడల్ మర, పెడల్ ఇరుసు బేరింగు, సీటును మోసే సీటు పోస్టు, ఇవి ఎండిపోయినా అదే టిక్కు టిక్కు వస్తుంది. మీ విషయంలో మూడూ కలిశాయి: గీత గొట్టానికి అడ్డంగా ఉంది, బరువు పడినప్పుడే చప్పుడు వస్తోంది, సరిగ్గా ఆ చోటనే స్టిక్కరు ఉంది. నేను దాన్ని బీటగానే లెక్క వేస్తాను.

ఆ బీట హ్యాండిల్ వైపు, ముందు మూల దగ్గర ఉందా? ఉంటే ఆ సైకిల్ ఎదురుగా దేనికో గుద్దుకుని ఉండవచ్చు. అప్పుడు ఫోర్కు గురించి ఇంకా ఎక్కువ భయపడాలి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను విప్పించి, లోపల నిలువుగా ఉండే ఫోర్కు కాడను లైటు వేసి చుట్టూ చూడండి. స్టెమ్ బోల్టులు నొక్కిన చోట, కింది బేరింగు కూర్చునే చోట గోరుతో తడమండి. కత్తిరించిన గోరు ముక్క ఆకారంలో సన్నటి బీటను ఒకసారి నేను అక్కడే పట్టుకున్నాను. ఆ సైకిల్ యజమాని ముందురోజే పెనుకొండ కొండ దిగి వచ్చానని చెప్పాడు. ఫ్రేము విరిగితే తూలి ఆపుకునే వీలు కొంత ఉంటుంది. ఫోర్కు కాడ విరిగితే హ్యాండిల్ చేతిలోకి వచ్చేస్తుంది. బీట పడిన ఫోర్కుకు, హ్యాండిల్‌కు రిపేరు మాట వద్దు. మార్చడమే.

మీ మెకానిక్ చెప్పిన జిగురు పని ఒప్పుకోకండి. బరువు మోసేవి పోగులు. తెగిన పోగుల మధ్య జిగురు పోస్తే గీత మాయమవుతుంది, బలం రాదు. సరైన రిపేరులో దెబ్బతిన్న పొరలను మెట్లు మెట్లుగా వాలుగా అరగదీసి, అవే దిక్కుల్లో కొత్త పొరలు వేసి, ఒత్తిడి పెట్టి, వేడితో గట్టిపరుస్తారు. ఆ పనే వృత్తిగా ఉన్నవాళ్ళు పెద్ద నగరాల్లో ఉన్నారు. ఫోటోలు పంపి ముందే ఖర్చు అడగండి. బాగా చేస్తే ఆ గొట్టం చాలా ఏళ్ళు పనికొస్తుంది. ఇంట్లో మాత్రం గరుకు కాగితంతో రుద్దవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది, పోగులు ముళ్ళలా చర్మంలో దిగుతాయి.

డబ్బు సంగతి. అమ్మినాయన ‘ఎక్కడా తగల్లేదు’ అని రాసిన ఆ సందేశమే మీ బలం. దాన్ని తుడిచెయ్యకండి. ఫోటోలన్నీ అదే సంభాషణలో పెట్టి, సైకిల్ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమని, లేదా రిపేరు ఖర్చు భరించమని గౌరవంగా, రాతపూర్వకంగా అడగండి. తెలిసి లోపాన్ని కప్పిపుచ్చి అమ్మడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. అలాంటి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ ఇస్తుంది. ఆయనకు తెలుసని మీరు చూపగలగాలి, స్టిక్కరు దాచమన్నది అందుకే. ఆయన వాడిన సైకిళ్ళ వ్యాపారం చేసేవారైతే దారి ఇంకా సులువు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, రెండేళ్ళలోపు కడపలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. సొంత సైకిల్ అమ్ముకున్న మనిషికి వినియోగదారుల చట్టం వర్తించదు. అప్పుడు వకీలు నోటీసు, సివిల్ కోర్టు. ఫ్రేము మీద కంపెనీ హామీ చాలావరకు మొదటి యజమానికే ఉంటుంది కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక మీ స్నేహితుడి సలహా. ఆ స్టిక్కరును మళ్ళీ అంటించవద్దని మిమ్మల్ని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. మీకు బీట కనబడింది, ప్రాణంతో ఉన్నారు. తరువాత కొనేవాడికి కనబడే అవకాశాన్ని మీ చేత్తో కప్పెయ్యకండి. రిపేరుకు ధర గిట్టకపోతే చక్రాలు, గేర్లు, బ్రేకులు విప్పి విడిగా అమ్మండి. పెట్టినదాంట్లో చెప్పుకోదగ్గ భాగం వాటిలోనే ఉంటుంది. ఫ్రేమును రంపంతో రెండు ముక్కలు చేసి పక్కన పెట్టండి. కోసేటప్పుడు నీళ్ళు చల్లుతూ, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

ఇంట్లో ఈ రాత్రికే చెప్పండి. 72 వేలు పోయాయని తిడతారేమో. ఘాట్ దిగి వచ్చిన సంగతి కూడా చెబితే ఆ తిట్లు ఎక్కువసేపు సాగవు.

ప్రశ్న: నా కార్బన్ సీటు పోస్టు కొద్దికొద్దిగా కిందికి జారుతోంది. ఎంత బిగించినా కొండారెడ్డి బురుజు నుంచి ఓర్వకల్లు చేరేలోపు రెండు సెంటీమీటర్లు దిగుతోంది. ఇంకా పొడవు పానాతో బిగించవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దమ్మా. పై ఉత్తరంలోలాంటి బీటలు రోడ్డు మీదే కాదు, ఇలా ఇంట్లో బిగింపు దగ్గర కూడా మొదలవుతాయి. పోస్టును పట్టి ఉంచే బిగింపు మీద ఎంత బలంతో బిగించాలో న్యూటన్ మీటర్లలో ముద్రించి ఉంటుంది, చాలావాటికి 5 దగ్గర. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానా ఉన్న కొట్లో అంతవరకే బిగించండి. పోస్టుకు గ్రీజు రాసి ఉంటే పూర్తిగా తుడిచి, ఇసుక రేణువుల్లాంటి పలుకులు కలిపిన కార్బన్ పేస్టు పలచగా రాయండి. తక్కువ బిగింపుకే పట్టు వస్తుంది. అప్పటికీ జారితే పోస్టు కొలత చూడండి. 31.6 మిల్లీమీటర్ల గొట్టంలో 30.9 మిల్లీమీటర్ల పోస్టు పెట్టి నలిపి బిగించిన సైకిల్ నా దగ్గరకు వచ్చింది. ఎలాగూ పోస్టు బయటకు తీస్తారు కనుక, బిగింపు పడిన చోట చుట్టూ గోరుతో ఒకసారి తడమండి. గోరు ఎక్కడైనా ఆగితే ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను.