కాళ్లు పీకేస్తుంటే ఇంటికెళ్లేదాకా ఆగొద్దు

ప్రశ్న: నా వయసు 36. బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం. రోజుకు తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి. సాయంత్రానికి పిక్కలు గుంజుతాయి, అరికాళ్లు మండుతాయి. సాక్సులు తీస్తే చీలమండ చుట్టూ గాడి పడి ఉంటుంది. రాత్రి వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే కాసేపు హాయిగానే ఉంటుంది, మర్నాడు మళ్లీ మామూలే. నొప్పి మాత్రలు వేసుకోవడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: 'మర్నాడు మళ్లీ మామూలే' అన్న మాట ఫిజియోథెరపిస్టుగా నేను తరచూ వింటాను. టీచర్లు, నర్సులు, సెక్యూరిటీ గార్డులు, క్షురకులు, అందరిదీ ఇదే బాధ. తొమ్మిది గంటల అలసటను రాత్రి అరగంటలో తీర్చేసుకోవాలని చూస్తారు. అది కుదరదమ్మా. మీ వైద్యం కౌంటర్ దగ్గరే మొదలవ్వాలి.

గుండె నుంచి కాళ్లకు రక్తం దిగడం తేలిక, తిరిగి పైకి ఎక్కడమే కష్టం. ఆ పనిలో పెద్ద వాటా పిక్కలదే. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని, లోపలి సిరలను నొక్కి, రక్తాన్ని పంపులా పైకి తోస్తుంది. అది మళ్లీ కిందికి జారకుండా సిరల్లోని చిన్న చిన్న కవాటాలు మూసుకుంటాయి. కదలకుండా నిలబడ్డామంటే ఆ పంపు ఆగిపోయినట్టే. అప్పుడు చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం (బీపీ కొలిచే కొలతే ఇది) దాకా ఉంటుంది. సిరలు బాగున్నవాళ్లు కొన్ని అడుగులు నడిస్తే చాలు, అది 30 ప్రాంతానికి పడిపోతుంది. గంటల తరబడి ఒత్తిడి తగ్గకపోతే నీరు సిరల్లోంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. మీ సాక్సుల గాడి చాలావరకు దానివల్లే. ఇక ఒకే తీరులో బిగుసుకుని ఉన్న కండరానికి రక్తం సరిగా అందదు. గుంజడం అక్కడి నుంచి వస్తుంది.

అందుకే నిలబడ్డచోటే పిక్కలకు పని చెప్పండి. కౌంటర్ అంచుకు వేళ్లు ఆనించండి, బరువు మాత్రం దానిమీద వేయొద్దు. రెండు మడమలూ మెల్లగా లేపి, మునివేళ్ల మీద నిలబడి, ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. దించేటప్పుడు ఇంకా నెమ్మదిగా దించండి. చాలామంది ఇక్కడే ధబ్బున వదిలేస్తారు, దాంతో సగం ఫలితం పోతుంది. అరగంటకోసారి 15 సార్లు చేస్తే మంచిది. ఒకేసారి కుదరకపోతే బిల్లు బిల్లుకీ మధ్య నాలుగైదు చేసినా సరే. ఎదురుగా ఉన్న మనిషికి తెలియను కూడా తెలియదు.

కాళ్ల దగ్గర 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె ఏదైనా పెట్టుకోండి. ఒక కాలు దానిమీద, ఒక కాలు కింద; పది నిమిషాలకోసారి మార్చండి. నడుముకూ ఊరట దొరుకుతుంది. మోకాళ్లను వెనక్కి బిగించి నిలబడే అలవాటుంటే కాస్త సడలించండి. నేల గట్టిగా ఉంటే మందపాటి రబ్బరు మ్యాట్ వేయమని, మధ్యమధ్యలో కూర్చోవడానికి ఎత్తు స్టూలు ఇవ్వమని మీ మేనేజర్‌ని అడగండి. మొహమాటం వద్దు. నిలబడి ఉంటేనే పని చేస్తున్నట్టు అనుకోవడం నాకు ఏమాత్రం మింగుడుపడని పద్ధతి. కూర్చుని కూడా బిల్లు కొట్టొచ్చు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అన్నిటికంటే పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పల్చటి అట్టలాంటి చెప్పులూ వద్దు, ఎత్తు మడమలూ వద్దు.

ఇంటికి వచ్చాక ముందు వెల్లకిలా పడుకుని, కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టుకోండి. 15 నుంచి 20 నిమిషాలు చాలు. ఆ తర్వాత గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు తాకే ఉండేలా పిక్కను 30 సెకన్లు సాగదీయండి. ఒకసారి వెనక మోకాలు నిటారుగా ఉంచి, ఒకసారి కాస్త వంచి చేయాలి. ఎందుకంటే పిక్కలో ముఖ్యమైనవి రెండు కండరాలు, వంచితేగాని లోపలిది సరిగా సాగదు. ఇక వేడినీళ్లు. కండరానికి హాయిగానే ఉంటుంది గానీ, వేడికి సిరలు వెడల్పవుతాయి. వాపు ఉన్న రోజు మామూలు చల్లటి నీళ్లే మేలు. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్ల జోలికే వెళ్లకూడదు, కాలినా తెలియదు.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పెట్టి, వేడిగా, ఎర్రగా కనిపిస్తే మాత్రం పైన చెప్పినవేవీ చేయొద్దు, మసాజ్ అసలే వద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. దానితోపాటు ఆయాసమో, ఛాతీలో నొప్పో ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది కాళ్లకు రక్తం తెచ్చే ధమనులకు సంబంధించినది కావొచ్చు, దాన్నీ చూపించుకోవాలి.

ప్రశ్న: నేనూ నిలబడే ఉద్యోగమే చేస్తాను. కాళ్లను బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ సాక్సులు కొన్నాను. రాత్రి కూడా వేసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. పడుకుంటే రక్తం తేలిగ్గానే తిరిగి వెళ్తుంది. పొద్దున్న లేవగానే, వాపు రాకముందే వేసుకుని, పడుకునే ముందు తీసేయండి. మామూలు అలసటకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఒత్తిడి రకం సరిపోతుంది. పైఅంచు మడతపడకుండా చూసుకోండి, మడత ఉన్నచోట బిగుతు రెట్టింపవుతుంది. షుగర్ ఉన్నా, కాళ్లకు రక్తప్రసరణ తక్కువని ఎప్పుడైనా చెప్పి ఉన్నా డాక్టర్‌ని అడగకుండా వేసుకోకండి.