నెట్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, మనం ఎక్కడున్నామో కనుక్కోవడానికి ఫోన్‌కి నెట్ గానీ సిమ్ గానీ అక్కర్లేదు. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్నీ, తామున్న చోటునీ ఎప్పుడూ ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందిన సమయాలను బట్టి ఫోనే లెక్క కడుతుంది. రేడియో విన్నట్టే, తిరిగి ఏమీ పంపదు.

నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకి. మందస నుంచి మహేంద్రగిరి కొండల వైపు వెళ్తుండగా సిగ్నల్ పోయినా గూగుల్ మ్యాప్స్‌లో నీలం చుక్క కదులుతుంది, చుట్టూ మాత్రం ఖాళీగా కనిపించవచ్చు. పలాసలోనే ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

నెట్ ఆపేస్తే లొకేషన్ కూడా ఆగిపోతుందని చాలామంది పొరబడతారు. నెట్ ఉంటే చోటు త్వరగా దొరుకుతుంది, అంతే. లేకపోతే ఆరుబయట కాసేపు ఆగాలి.